ఎడమ పలక కింద

కిందటి వారం మనం షెడ్డు గుమ్మంలో ఆగాం. డ్రైవింగ్ స్కూలావిడ తన కారును గుమ్మానికి అడ్డంగా ఆపి, దిగి, మిషను ఇచ్చిన కాగితాన్ని ఉండచుట్టి చిన్నకోడలి బల్ల మీదికి విసిరికొట్టింది.

కార్ల చక్రాలు సరిచేసే ఆ షెడ్డు అన్నదమ్ములిద్దరిదీ. మధ్యలో రేకు అడ్డం కట్టి రెండు ముక్కలు చేసుకున్నారు. ఒక ముక్కలో తమ్ముడి కంప్యూటర్ మిషను, కారు ఎక్కించే దాని రెండు ఇనప పలకలు, గోడ మీద పెద్ద తెర, బల్ల దగ్గర అతని భార్య చిన్నకోడలు. రెండో ముక్కలో అన్నగారి పాత పద్ధతి, అంటే నాలుగు ఇనప స్టాండులూ, వాటి మధ్య బిగించే దారాలూ, ఒక స్కేలూ. ఎనిమిది నెలల కిందట మిషను వచ్చిన రోజునే అన్న స్కేలు కింద పెట్టేసి, "ఇక నావల్ల కాదు" అని ఇంట్లో కూర్చున్నాడు. దాన్ని ఎత్తుకున్నది ఆయన భార్య, పెద్దకోడలు. పాతికేళ్ళు ఆయన పక్కన నిలబడి దారం అవతలి కొస పట్టుకున్న మనిషి ఆవిడ. ఇప్పుడు రెండు కొసలూ ఆవిడే కట్టుకుంటోంది. వీధిలో అందరూ ఆవిణ్ణి దారాలావిడ అంటారు. తోడికోడలు మాత్రం వేరే పేర్లు చాలా అంటుంది.

"ఇది మూడోసారి," అంది డ్రైవింగ్ స్కూలావిడ, రొప్పుతూ. "మూడుసార్లూ మీ మిషను అంతా బ్రహ్మాండం అనే చెప్పింది. అన్నీ ఆకుపచ్చ గళ్ళే. బయటికి తీసి స్టీరింగ్ వదిలితే చాలు, కారు కుడికి లాక్కుపోతుంది. కుడికంటే ఎటో తెలుసా? ఎదురుగా వచ్చే బళ్ళ మీదికి. నిన్న ఒక పిల్ల, నేర్చుకోవడానికి వచ్చి నాలుగో రోజు, నేరుగా బస్సు కిందికి తీసుకుపోబోయింది. నా కాలికింద ఇంకో బ్రేకు ఉండబట్టి ఈ కాగితం మీ మొహాన కొట్టడానికి మిగిలాను."

"మొహాన కొట్టడాలూ అవీ ఇక్కడ కుదరవు," అంది చిన్నకోడలు, ఉండను రెండు వేళ్ళతో పట్టుకుని పక్కకి నెడుతూ. "రాని వాళ్ళ చేతికి స్టీరింగ్ ఇస్తే కారు బస్సు కిందికి పోక పరీక్ష పాసయి వస్తుందా?"

"కారు నేను నడిపినా లాగుతోందమ్మా. నాది ఇరవై రెండేళ్ళ డ్రైవింగు."

"అయితే ఇరవై రెండేళ్ళుగా రోడ్డు అటు వాలుందేమో చూసుకోండి."

రేకుకి ఇవతల పెద్దకోడలు ఈ మాటలన్నీ వింటూనే ఉంది. వినకూడదనుకుంది. నెల రోజులుగా నోరు నొక్కుకుని ఉంది. రోడ్డు వాలు అన్న మాట చెవిన పడేసరికి ఇక ఆగలేకపోయింది. చేతులు గుడ్డకి తుడుచుకుని రేకు దాటి వచ్చింది.

"రోడ్డు కాదు," అంది. "మీ నేల."

మిషను పలకల మీదున్న ఎవరిదో కారు కింద పడుకుని ఉన్న మరిది, చక్రాల చెక్క మీద జారుతూ బయటికొచ్చాడు. వదిన మొహం చూడగానే అతని మొహం మాడింది.

"మళ్ళీ మొదలెట్టావా వదినా?"

"నెల రోజుల కిందట నీకు ఒక్కడికే చెప్పాను. విన్లేదు. ఇవాళ పదిమందిలో చెప్తున్నాను. ఇటు రా."

ఆవిడ వెనకగోడ దగ్గరికి నడిచింది. అక్కడ పారేసిన పాత టైర్లు గుట్టగా పడుండేవి. ఇవాళ గుట్టగా లేవు. పద్నాలుగు టైర్లు జతలు జతలుగా గోడకి ఆనించి నిలబెట్టి ఉన్నాయి. ప్రతిదాని మీదా సుద్దతో కుడి అనో, ఎడమ అనో రాసి ఉంది.

"ఇవన్నీ నీ మిషను మీదికి వచ్చిపోయిన బళ్ళవి," అంది. "ఏడు బళ్ళు. ఎడమ టైర్లు చూడు, అన్నీ లోపలి అంచునే అరిగాయి. కుడివి చూడు, అన్నీ బయటి అంచునే. ఏడు బళ్ళు, ఏడుగురు డ్రైవర్లు, ఏడు రోడ్లు. అరుగుదల మాత్రం ఒక్కటే. ఇది ఎలా కుదిరిందో నీ తెరనడిగి చెప్పు."

డ్రైవింగ్ స్కూలావిడ వంగి ఒక్కో టైరునూ చేత్తో తడిమింది. నాలుగోదాని దగ్గర ఆగి, "నాదీ ఇలాగే ఉంది" అంది నెమ్మదిగా.

మరిది టైర్ల వంక చూడలేదు. గోడకి తగిలించిన అద్దం పటం వంక చూపించాడు. మిషను బిగించిన రోజున కంపెనీ మనిషి ఇచ్చిన కాగితం అది. "లెవెల్ సరిచూసి సంతకం పెట్టి వెళ్ళాడు. నువ్వు ఆ కాగితం కంటే గొప్పదానివా?"

"ఎప్పుడు పెట్టాడు సంతకం? ఎనిమిది నెలల కిందట. అప్పుడు నేల బాగానే ఉండుంటుంది. ఇప్పుడు ఎడమ పక్క దిగింది."

"దిగితే నాకేం తెలీదా? మిషను చెప్పదా?"

"మిషను చక్రాల సంగతి చెప్తుంది. తను నిలబడ్డ నేల సంగతి దానికేం తెలుసు?" ఆవిడ డ్రైవింగ్ స్కూలావిడ వైపు తిరిగింది. "అమ్మా, మీ ఇంట్లో అద్దం వంకరగా తగిలించారనుకోండి. దాని అంచుకి సరిపెట్టుకుని మెడ నిటారుగా నిలబెట్టుకున్నాననుకుంటారు. వీధిలోకి వెళ్తే ఎదురొచ్చిన ప్రతివాళ్ళూ అడుగుతారు, మెడ పట్టేసిందా అని. మీ కారుకి జరిగింది ఇదే. ఒరిగిన నేల మీద చక్రాల తలలు నిటారుగా నిలబెట్టారు. బయట చదునైన రోడ్డు మీదికి వచ్చేసరికి రెండూ ఒక పక్కకి వాలాయి."

"కుళ్ళు," అంది చిన్నకోడలు, బల్ల దగ్గర్నుంచి లేవకుండానే. "ఒట్టి కుళ్ళు. ఆవిడ దారాల దగ్గరికి రోజుకి ఒక బండి రాదు, మా దగ్గర వరస కడతారు. అందుకని పాత టైర్లకి బొట్లు పెట్టుకుని కూర్చుంది."

"రోజుకి ఒకటే చేస్తాను. చేసింది మళ్ళీ రాదు."

"మళ్ళీ రావడానికి బతికుంటేగా నీ దగ్గరికొచ్చే డొక్కులు!"

మరిది చెయ్యెత్తి భార్యని ఆగమన్నాడు. అతను అరిచే మనిషి కాదు. కోపం వచ్చినప్పుడు గొంతు తగ్గుతుంది. ఇప్పుడు బాగా తగ్గింది.

"సరే వదినా. నేల దిగిందన్నావు. అలాగైతే ఒక్క మాటకి జవాబు చెప్పు. బడి వ్యాన్లు పన్నెండు. పన్నెండూ ఈ పలకల మీదే చేశాను. రోజుకి రెండుసార్లు పిల్లల్నేసుకుని ఊరంతా తిరుగుతాయి. ఒక్క డ్రైవరన్నా వచ్చి, అయ్యా, నా వ్యాను కుడికి లాగుతోంది అన్నాడా? ఒక్క టైరన్నా అరిగిందా? నీ వరసలో బడి వ్యాను టైరు ఒక్కటి చూపించు."

పెద్దకోడలు టైర్ల వరసని మళ్ళీ ఒకసారి చూసుకుంది. నెల రోజులుగా ఆవిణ్ణి నిద్రపోనివ్వంది ఇదే. పన్నెండు వ్యాన్లు. నేల దిగిన మాట నిజమైతే అన్నిటికంటే ముందు అవే లాగాలి, అవే అరగాలి. వాటి గురించి మాత్రం ఎవరి నోటా ఒక్క మాట లేదు.

"చూశావా?" అన్నాడు మరిది. "నీళ్ళు నములుతున్నావు."

"నీళ్ళే చెప్తాయి," అంది పెద్దకోడలు. "గొట్టం తెస్తాను. రెండు పలకల మీదా పెడదాం. నీళ్ళు నా తోడికోడలూ కాదు, నీ వదినా కాదు. ఎవరి పక్షమూ మాట్లాడవు."

"సమంగా ఉంటే?"

"ఉంటే దారాలు చుట్టేసుకుని ఇంట్లోకి పోతాను. రేకు పీకేసి మొత్తం షెడ్డు నువ్వే వాడుకో. మళ్ళీ ఈ గడప తొక్కను."

చిన్నకోడలు ఈసారి బల్ల దగ్గర్నుంచి లేచి వచ్చింది. "మాట మాటేనా అక్కా? రేపు మళ్ళీ ఏడుస్తూ రాకూడదు మరి."

"నేను ఏడవడం నువ్వెప్పుడు చూశావు?" అని, మరిది వైపు తిరిగి, "సమంగా లేకపోతే నువ్వు మిషను ఆపాలి. ఈ క్షణం నుంచి. పన్నెండు వ్యాన్లకీ ఫోన్లు చేసి వెనక్కి పిలవాలి. తప్పు జరిగింది, మళ్ళీ చేస్తాను అని నీ నోటితో చెప్పాలి."

"బడివాళ్ళకి ఆ మాట చెప్తే ఇక నా గుమ్మం ఎవరు తొక్కుతారు?"

"చెప్పకపోతే ఏ పిల్లవాడికి ఏమవుతుందో నన్నడుగుతావా?"

అతను కాసేపు పళ్ళు కొరికాడు. "తే నీ గొట్టం," అన్నాడు.

ఆవిడ దగ్గర ఆ గొట్టం ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. చిటికెనవేలంత లావు, గాజులా కనబడే ప్లాస్టిక్ గొట్టం, పన్నెండు గజాలు. పని నేర్పినప్పుడు భర్త మొదట నేర్పింది దారం కట్టడం కాదు. గొట్టంలో నీళ్ళు నింపి, రెండు కొసలూ రెండు చోట్ల నిలబెట్టి, నీటిమట్టం చూసి, దిగిన చక్రం కింద పలచని ఇనప రేకులు దోపి నేల సమం చేయడం. అది అయ్యేదాకా దారం ముట్టుకోనిచ్చేవాడు కాదు. నాలుగు చక్రాల కిందా నీళ్ళు ఒకే మాట చెప్పాలి అనేవాడు. ఆవిడ ఇప్పటికీ ప్రతి బండికీ అదే చేస్తుంది. మరిదికి కూడా చిన్నప్పుడు నేర్పింది ఆ అన్నే. మిషను వచ్చాక అతను అది మానేశాడు. గోడ మీద కాగితం ఉందిగా.

పలకల మీంచి కారుని దింపేశారు. పెద్దకోడలు బకెట్‌లోంచి గొట్టంలోకి నీళ్ళు పీల్చి పట్టింది. మధ్యలో గాలి బుడగలు లేకుండా వేలితో కొడుతూ పైకి తోలింది. ఒక కొస స్కేలుకి కట్టి కుడి పలక మీద నిలబెట్టింది. రెండో కొస డ్రైవింగ్ స్కూలావిడ చేతికిచ్చి, "మీరు ఎడమ పలక మీద, ఈ రెండో స్కేలుకి ఆనించి నిటారుగా పట్టుకోండి. నీళ్ళు ఊగడం ఆగాక అంకె చదవండి. నాకోసం ఒక్క గీత కూడా తగ్గించొద్దు, పెంచొద్దు" అంది.

నీళ్ళు పైకీ కిందికీ ఊగాయి. ఊగి ఊగి ఆగాయి.

"ఇక్కడ ఇరవై," అంది పెద్దకోడలు.

డ్రైవింగ్ స్కూలావిడ కళ్ళజోడు సర్దుకుని దగ్గరగా వంగింది. "ఇక్కడ... ఇరవై ఒకటి పాయింట్ ఏడు."

"అంటే?" అంది చిన్నకోడలు.

మరిదికి తెలుసు. నీళ్ళు రెండు చోట్లా ఒకే ఎత్తున ఉంటాయి. స్కేలే ఎడమ పక్క కిందికి దిగింది. పదిహేడు మిల్లీమీటర్లు, దాదాపు బొటనవేలి వెడల్పు.

"గొట్టంలో బుడగ ఉంది," అన్నాడు.

"చూడు. వెతుక్కో."

అతను గొట్టం పొడుగునా చేత్తో తడుముకుంటూ వెళ్ళాడు. బుడగ లేదు. "కొసలు మార్చండి," అన్నాడు. "నేను ఎడమ పక్క పట్టుకుంటాను. వదిన చెయ్యి తగలకూడదు." కొసలు మార్చారు. స్కేళ్ళు కూడా మార్చారు. పెద్దకోడలు చేతులు వెనక్కి కట్టుకుని నాలుగడుగుల దూరం నిలబడింది. నీళ్ళు మళ్ళీ ఊగి, మళ్ళీ ఆగాయి. మరిది ఎడమ పలక మీద మోకాళ్ళ మీద కూర్చుని స్కేలు చదివాడు. ఎవరికీ పైకి చెప్పలేదు. లేవలేదు కూడా.

"ఎంత?" అంది భార్య.

"అంతే," అన్నాడు.

డ్రైవింగ్ స్కూలావిడ తన కొస జాగ్రత్తగా కింద పెట్టి, "నా కారు ఎవరు చేస్తారు?" అంది, ఆస్పత్రిలో డాక్టర్ని అడిగినట్టు.

"రేకు అవతల పెట్టండి," అంది పెద్దకోడలు. "సాయంత్రానికి ఇస్తాను. అందాకా నడపొద్దు."

డ్రైవింగ్ స్కూలావిడ కారు తిప్పడానికి బయటికి వెళ్ళింది. ఆవిడ అటు వెళ్ళగానే మరిది లేచాడు. అతని కళ్ళు ఎర్రబడ్డాయి. గొంతు మరీ తగ్గింది.

"సరే, దిగింది. నీ మాటే గెలిచింది. ఒక్కటి మాత్రం ఒప్పుకోను. ఈ నేల ఎవరిదో తెలుసా నీకు? ఎడమ పలక కింద ఉన్నది మా అన్న గుంట. ముప్పై ఏళ్ళు అందులో దిగి బళ్ళ కింద పనిచేశాడు. మిషనుకి అడ్డమొస్తోందని పూడ్చాలన్నప్పుడు కూలీల్ని పిలుస్తానన్నాను. వద్దన్నాడు. నా గుంట నేనే పూడ్చుకుంటాను, ఎవరూ చెయ్యి పెట్టొద్దు అన్నాడు. మూడు రోజులు ఒక్కడే పూడ్చాడు. నేను ఆ పక్కన నిలబడి ఏడ్చాను వదినా. అన్న పూడ్చింది దిగదు. పైన కాంక్రీటు పోసిన మేస్త్రి ఏదో మోసం చేశాడు."

"అయితే తవ్వు," అంది పెద్దకోడలు. "మేస్త్రిదో, ఎవరిదో తేలిపోతుంది."

అతను గునపం తెచ్చాడు. పలక అంచున నేల సన్నగా బీట వారిన చోట పొడిచాడు. అది రాయిలా ఎదురు తిరుగుతుందనుకుని బలమంతా పెట్టాడేమో, గునపం సర్రున లోపలికి దిగిపోయి మనిషి ముందుకి తూలాడు. నాలుగు వేళ్ళ మందం కాంక్రీటు. దాని కింద మెత్తని మట్టి. ఇంకాస్త కిందికి పొడిస్తే గునపం దేన్నో తాకి, మెత్తగా వెనక్కి ఎగిరింది. రాయిని తాకితే అలా ఎగరదు.

అతను చేత్తో మట్టి తోడాడు. నల్లగా, గుండ్రంగా ఒక అంచు కనబడింది. దాని కింద ఇంకొకటి.

టైర్లు. పాత టైర్లు, పడుకోబెట్టి ఒకదాని మీద ఒకటి పేర్చినవి.

పెద్దకోడలు ఒక అంచుని వేలితో నొక్కి చూసింది. బండి కింద ఏదైనా పెడితే రాయో ఇనుమో తప్ప ఇంకేదీ పెట్టకూడదు, చెక్క ముక్క కూడా పనికిరాదు అని తనకి చెప్పిన మనిషి ఎవరు? దారం అవతలి కొస పట్టుకున్న పాతికేళ్ళలో ఆయన ఒక్కసారన్నా ఏమరుపాటున ఒక్క ముక్క పెట్టాడా?

"అన్నయ్యకి తెలీక..." అన్నాడు మరిది. అన్నయ్యకి తెలియనిదేమిటో అతనికీ గుర్తు రాలేదు.

మొదట తేరుకున్నది చిన్నకోడలు. ఒంటికాలి మీద లేచింది.

"ఇప్పుడర్థమైంది! మొగుడు గుంట తవ్వి పెడతాడు, పెళ్ళాం ఎనిమిది నెలలాగి గొట్టం పట్టుకుని వస్తుంది! ఎంత బాగా ఆడారమ్మా ఇద్దరూ! టైర్లకి సుద్ద గీతలు, పదిమందిలో పందెం, కన్నీళ్ళొక్కటే తక్కువ! మా పొట్ట కొట్టడానికి ఎన్ని రోజులు కూర్చుని ఆలోచించారు?"

"నాకు తెలీదు," అంది పెద్దకోడలు.

"తెలీదట! కంచం ముందు కూర్చుని రోజూ చూసుకునే మొగుడు మూడు రోజులు ఏం పూడ్చాడో తెలీదట! ఎవరు నమ్ముతారు?"

పెద్దకోడలు మరిది మొహం చూసింది. అతను నమ్ముతాడేమో అనుకుంది. అతను గోతిలోకి చూస్తున్నాడు. తలెత్తలేదు.

"వ్యాన్లకి ఫోన్లు చెయ్యి," అంది ఆవిడ. "మిగతాది నేను అడిగి వస్తాను."

"అడగడానికేముంది, ఇద్దరూ కలిసి ఇంకో మాట కట్టుకుని రావడానికి కాకపోతే!" అన్న తోడికోడలి గొంతు షెడ్డు వెనక తలుపు దాకా వెంటాడింది.

షెడ్డు వెనకాలే ఇల్లు. రెండు గదులు. ఆయన కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నాడు. షెడ్డులో అరుపులన్నీ అక్కడికి వినిపిస్తాయి. వినిపించినట్టు మొహంలో ఏమీ లేదు. ఎప్పుడూ ఉండదు. అందరూ ఆయన్ని మంచివాడు, మెతకవాడు అంటారు. తమ్ముడు మిషను కొంటే పల్లెత్తు మాట అనలేదని ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆవిడ తలుపు వేయడం మరిచిపోయింది. నేరుగా వెళ్ళి ఆయన ఎదుట నిలబడింది.

"ఎడమ పలక కింద టైర్లున్నాయి," అంది. "ఎవరు పెట్టారు?"

ఆయన టీ గ్లాసు కిటికీ గట్టు మీద పెట్టాడు. ఆవిడ వంక చూశాడు. ఆ చూపులో తప్పు చేసిన బెదురు లేదు. చిరాకు ఉంది.

"ఎనిమిది నెలలు పట్టిందా నీకు?" అన్నాడు.

అబద్ధం చెప్తాడనుకుంది, లేదా తెలీక పెట్టానంటాడనుకుంది. ఈ జవాబు వస్తుందనుకోలేదు.

"ఎందుకండీ?"

"వాడు నన్నడిగాడా? ముప్పై ఏళ్ళు నిలబడ్డ చోట సుద్దముక్కతో గీత గీసి, అన్నయ్యా, ఇది పూడ్చేయాలి అన్నాడు. అడగలేదు, చెప్పాడు. ఎడమ పలక ఎక్కడికొస్తుందో కూడా గీసి చూపించాడు. సరే, పూడ్చాను." ఆయన గొంతు ఎత్తలేదు. "నాలుగు నెలల్లో దిగుతుందనుకున్నాను. నాలుగు బళ్ళు వెనక్కొస్తాయి. వాడికి ఏమీ తోచదు. అన్నయ్యా, ఒకసారి వచ్చి చూడు అని పిలుస్తాడు. పిలిస్తే వెళ్ళి తవ్వి రాళ్ళు పోసి ఇద్దామనుకున్నాను. ఒక్క పూట పని. వాడు పిలవలేదు. తెర మీద ఆకుపచ్చ గళ్ళు చూసి వాడూ నమ్మాడు, బళ్ళవాళ్ళూ నమ్మారు. రోడ్డుదే తప్పనుకున్నారు."

"ఆ బళ్ళల్లో మనుషులున్నారండీ!" అని అరిచింది ఆవిడ. "నిన్న ఒక పిల్ల బస్సు కిందికి పోబోయింది. మీ తమ్ముడు పిలవలేదని ఊళ్ళోవాళ్ళు చావాలా? మీరు నేర్పిన పని ఇదా? నా మొగుడు బంగారమని అందరి దగ్గరా చెప్పుకు తిరిగానే, నా నోట్లో మట్టి కొట్టారు కదండీ! పన్నెండు వ్యాన్ల నిండా పిల్లలు..."

"వ్యాన్లకేం కాదు," అన్నాడాయన, ఆ మాట దగ్గర మాత్రం తొందరపడి.

"ఎలా కాదు?"

"అవి ఈ మిషను మీదికి వస్తాయనుకోలేదు. వచ్చాయని తెలిసిన మర్నాటి నుంచీ వెళ్ళాను. పొద్దున్నే బడి వెనక ఆవరణలో నిలబెట్టి ఉంటాయి. కాపలావాడు నాకు తెలిసినవాడే. రోజుకి ఒకటి. దారం కట్టి, సరిచేసి, డ్రైవర్లు వచ్చేలోపల వచ్చేసేవాణ్ణి."

ఆవిడకి ఆ పొద్దుటి నడకలన్నీ కళ్ళముందు తిరిగాయి. చేతిసంచీ తీసుకుని వెళ్ళేవాడు. ఇంట్లో కూర్చుని మనిషి కుంగిపోతున్నాడు, నాలుగడుగులు నడిస్తే మంచిదేలే అనుకుని తనే సంచీ చేతికందించేది. నెల రోజులుగా తనని తినేస్తున్న ప్రశ్నకి జవాబు ఈ కుర్చీలో టీ తాగుతూ కూర్చుని ఉందన్నమాట. కాస్త ఊపిరి వచ్చింది. వచ్చిన వెంటనే కోపం రెండింతలయింది.

"అంటే తప్పని తెలుసు. పిల్లల బళ్ళు ఏరుకుని బాగుచేశారు, మిగతావాళ్ళని రోడ్డుకి వదిలేశారు."

ఆయన టీ గ్లాసు మళ్ళీ అందుకున్నాడు.

"వ్యాన్లన్నీ చేశారా?"

ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు.

"మిమ్మల్నే అడుగుతున్నాను. అన్నీ చేశారా?"

"పదకొండు," అన్నాడు.

"పన్నెండోది?"

"నేను వెళ్ళేసరికే లేదు. పాతబడిందని బడివాళ్ళు అమ్మేశారట. ఎవరికి అమ్మారని అడిగితే ఎందుకని అడుగుతారు. ఏం చెప్పను? అడగలేదు." మొదటిసారి ఆయన గొంతు తడబడింది. "ఆ వ్యాను నాకు దొరకలేదే."

వెనక అలికిడైంది. ఆవిడ తిరిగి చూసింది.

తెరిచి ఉన్న తలుపులో మరిది నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో తెలీదు. మోచేతుల దాకా మట్టి, చేతిలో ఫోను. అన్న మీదికి దూకుతాడేమోనని ఆవిడ ఇద్దరి మధ్యకి జరిగింది. అతను దూకలేదు.

"ఆ వ్యాను ఎవరు కొన్నారో నాకు తెలుసు అన్నయ్యా," అన్నాడు. "కొనిపించింది నేనే. మా మామగారికి. పొద్దున్న ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని కొండ ఘాట్ రోడ్డున బయల్దేరారు. నాలుగుసార్లు చేశాను, ఫోను ఎత్తడం లేదు."